నారపకు అర్థం కాని కారు

నారప కారును మళ్లీ తాడు కట్టించి లాక్కొచ్చాడు. ముందు ఆయన టిప్పరు, వెనక ఇవో అనే తెల్ల రేసు కారు. నెలలో ఇది మూడోసారి.

కప్పగల్లు రోడ్డులో తన మెకానిక్ షెడ్డు ముందు నిలబడిన మౌనేష్ చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. ఇక చేసేదేముంది, తల పట్టుకోవడం తప్ప.

“ఎర్ర దీపం వెలిగిందప్పా. లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టుండాది,” అన్నాడు నారప. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “నిజం చెప్పు మౌనేషూ. ఆదివారానికి లేస్తాదా?”

ఆదివారం చోరనూరు కొండల్లో కార్ల ర్యాలీ పోటీ. నారప చిన్న కొడుకు వివేక్ ఆ కారుతోనే దిగాలి. ఈ రోజు గురువారం.

అది అలాంటిలాంటి కారు కాదు. చూడ్డానికి నాలుగు తలుపుల సంసారపక్షపు బండే. జపానువాళ్లు దాన్ని పుట్టించింది మాత్రం బురదలో, కంకర దారుల్లో పరుగెత్తించడానికి. బళ్లారి మొత్తంలో దాని నాడి తెలిసినవాడు తానొక్కడేనని మౌనేష్‌కు గర్వం.

పెద్ద కొడుకు ప్రశాంత్ ముచ్చటపడి కొన్న కారు అది. రెండేళ్ల కిందట అవే కొండల్లో, అదే కారులో ప్రాక్టీసు చేస్తూ ప్రశాంత్ పోయాడు. చుట్టాలు తుక్కు కింద ఇచ్చేయమన్నారు. బిడ్డ గుర్తని తల్లి తిమ్మమ్మ ఒప్పుకోలేదు. వివేక్ అసలే ఒప్పుకోలేదు. కారును బాగు చేయించి, అన్న సగంలో వదిలిన దారి తాను పూర్తి చేస్తానన్నాడు. అతనికి బెంగళూరులో ఉద్యోగం. శనివారం వస్తాడు, ఆదివారం కొండల్లో తోలుతాడు, వెళ్తూ తాళాలు నాన్న చేతిలో పెడతాడు. మిగతా రోజులు కారును చూసుకోవాల్సింది నారపే.

చిక్కంతా అక్కడే వచ్చింది. నలభై ఏళ్లు గనుల లారీలు తోలిన చెయ్యి ఆయనది. లారీవాళ్ల అలవాట్లు ఆ కారుకు విషం.

మొదటిసారి ఇంజనులోకి గాలి తోసే టర్బో పోయింది. కాగిపోతున్న ఇంజనును ఠక్కున ఆపేశాడని మౌనేష్‌కు చూడగానే తెలిసింది. కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దించినట్టు చెప్పాడు.

“ఇది లారీ కాదు సావుకారూ. తోలి వచ్చినాక సుమ్మనే నిలబెట్టి రెండు నిమిషాలు ఇంజను తిరగనీయండి. వేడి మీద ఆపగూడదు.”

“ఇంకా ఏమేమి చెయ్యగూడదప్పా? అన్నీ చెప్పు. ఒక్కటీ విడిచిపెట్టొద్దు,” అంటూ నారప జేబులోంచి లారీ ట్రిప్పులు రాసుకునే చిన్న పుస్తకం తీశాడు.

మౌనేష్ చెప్పుకుంటూ పోయాడు. చల్లటి ఇంజనును రంకెలు వేయించకూడదు. మామూలు పెట్రోలు పోయకూడదు. లారీ ఆయిలు పోయకూడదు. ఎర్ర దుమ్ములో గాలి ఫిల్టరు లేకుండా తిప్పకూడదు. టాప్ గేరులో ఎత్తు ఎక్కించకూడదు. ఎర్ర దీపం వెలిగితే అడుగు కూడా కదపకూడదు. నారప పెన్సిలుతో అన్నీ రాసుకున్నాడు. మాటలు తెలుగే, అక్షరాలు కన్నడం. ఈ జిల్లా బడుల్లో నేర్చిన చదువు మరి. ఒక్కోదానికీ ఎందుకని అడిగాడు. చేస్తే ఎన్నాళ్లకు చెడుతుందని కూడా అడిగాడు. ఇంత శ్రద్ధ మౌనేష్ ఏ కుర్రకారులోనూ చూడలేదు.

అయినా రెండు వారాలు తిరక్కుండానే కారు ఎర్రమన్ను మింగి వచ్చింది. శుభ్రం చేద్దామని ఫిల్టరు విప్పి, బిగించడం మరిచానన్నాడు నారప. ఇప్పుడేమో ఇది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది తన పని అనుకున్నాడు మౌనేష్. కానీ ఆ ముసలాయన ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు.

“పోటీ వచ్చే ఏడు చూసుకోమనండి వివేక్‌ను,” అన్నాడు మెల్లగా.

“వాడు నా మాట వినడప్పా. నా చేతిలో ఉండేది ఈ కారొక్కటే.”

ఆ మాట విని మౌనేష్ స్పానరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఎలాగైనా కారును లేపాలని అప్పటికప్పుడు ఇంజను దించాడు. నారప అక్కణ్నుంచి కదల్లేదు. తిండి లేదు, నీళ్లు లేవు. స్టూలు మీద కూర్చుని ఒక్కో బోల్టూ ఊడడం చూస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి లోపలి సంగతి బయటపడింది. బేరింగులు అరిగి రేకులయ్యాయి. ఇంజను లోపల తిరిగే క్రాంకు కడ్డీ మీద వేలు పెడితే గోరు దిగే గీతలు.

“అయిపోయింది సావుకారూ. ఈ ఇంజను ఇంక లేవదు.”

“ఖండితంగానా?”

“ఖండితంగా.”

నారప రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మౌనేష్‌కూ కళ్లు తడిశాయి. కొడుకుకు తాను చెప్పలేనని నారప అంటే మౌనేషే ఫోను చేశాడు. వివేక్, నాన్నకేం తెలుసు, ఆయన మీద వదిలిపెట్టిన తప్పు నాదే అని ఫోను పెట్టేశాడు.

నారప వెళ్లిపోయాక బల్ల మీద ఆ చిన్న పుస్తకం కనిపించింది. ఏడుపులో మరిచిపోయినట్టున్నాడు. ఇంత ఒద్దికగా రాసుకున్న మనిషి ఇన్ని పొరపాట్లు చేశాడంటే చెప్పడంలో తనదే లోపం ఉండాలి. తానేది తప్పుగా చెప్పాడో చూద్దామని మౌనేష్ ఆ పేజీ తెరిచాడు.

పేజీ పైన ‘వివేక్ బతకాలంటే చెయ్యాల్సిన పనులు’ అని రాసి, కింద మౌనేష్ చేయకూడదని చెప్పిన ఏడింటి పక్కనా, ఒక్కటీ వదలకుండా, నారప ఆ పని చేసిన తేదీలు వేసుకున్నాడు.