చిట్యాలలో దిగిన మనిషి

పట్నం పోయే బస్సు నార్కట్‌పల్లి దాటుతుండగా త్రివేణి ఫోన్ మోగింది.

ఆమె చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఆ పనికి ఆమె ఒక్కతే దిక్కు. అక్కడి పాత మెయిల్ సర్వర్ మాటిమాటికీ ఆగిపోతోంది. మెయిల్ అందక ఒక పెద్ద ఆర్డరు చేజారింది కూడా.

"కొత్త సర్వర్‌ల విండోసా, లినక్సా, ఇయ్యాల తేల్చాలె త్రివేణీ. మళ్ల గిట్లనే అయితే నీ కొలువు నేను కాపాడలేను," అన్నాడు మేనేజర్ పరమేష్.

"లినక్స్ దిక్కే ఉన్న సార్. లైసెన్సు ఖర్చు లేదు, జల్ది ఆగిపోదంటున్రు. అది పెట్టే నల్లగొండ కంపెనీవాళ్లు ఇయ్యాల మన ఫ్యాక్టరీకొస్తమన్నరు, మాట్లాడి ఖాయం చేస్త."

ఫోన్ పెట్టేసేసరికి పక్క సీటు మనిషి ఆమెనే చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఒళ్లో నల్ల బ్యాగు.

"చెవిన పడ్డది బిడ్డా, ఏమనుకోకు. మీ కాడ లినక్స్ తెలిసినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరు సార్. నేనే ఇప్పుడిప్పుడు నేర్చుకుంటున్న."

"నువ్వు లేని నాడు అది ఆగితే?"

త్రివేణి చేతిలోని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది.

"విండోస్ తెలిసినోళ్లు?"

"స్టోర్స్‌ల రాజేశ్‌కు తెలుసు. ఇంకిద్దరు ముగ్గురున్నరు."

ఆ మనిషి కిటికీలోంచి బయటికి చూశాడు. బ్యాగును ఒళ్లో సర్దుకున్నాడు.

"గట్లయితే విండోసే పెట్టుకో."

"ఏం, లినక్స్ మంచిది కాదా?"

"మస్తు మంచిది. నాకు దాని మీదనే పానం. కానీ గొర్లకాడి కుక్క ఎంత మంచిదైనా, దాని మొరుగుడు కాపరికి సమజ్ కావాలె గద!"

త్రివేణికి అనుమానం వచ్చింది. ఎరుక లేని మనిషికి ఇంత ఆరాటమెందుకు?

"మీరు విండోస్ అమ్మెటోళ్లా?" అంది కటువుగా.

"కాదు బిడ్డా," అని నవ్వాడు.

ఆమె నమ్మలేదు. మొహం తిప్పుకుంది.

బస్సు చిట్యాలలో ఆగింది. ఆ మనిషి లేచాడు.

"చౌటుప్పల్ టికెట్ తీస్కుంటివి గద సారూ, ఈడ్నే దిగుతున్నవేంది?" అన్నాడు కండక్టర్.

"ఇగ ఆడ పని లేదన్నా."

గుట్టు బయటపడేసరికి జారుకుంటున్నాడనుకుంది త్రివేణి. కానీ అతనడిగిన ప్రశ్న ఆమెను ఫ్యాక్టరీ గేటు దాకా వదల్లేదు.

లినక్స్ కంపెనీ వాళ్లు ఆ రోజు రానేలేదు. మాట మీద నిలబడని వాళ్లతో పనేమిటని ఆమె విండోసే ఖాయం చేసింది.

వానాకాలంలో త్రివేణికి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ అయింది. ఆమె దవాఖానలో మత్తులో ఉండగానే సర్వర్ ఆగిపోయింది. రాజేశ్ కిందామీదా పడి మధ్యాహ్నానికల్లా మెయిల్ నడిపించాడు. ఆర్డర్లు ఆగలేదు, ఆమె కొలువూ నిలిచింది.

మంచం మీద ఆ కబురు వింటుంటే బస్సులోని మనిషి గుర్తొచ్చాడు. పేరైనా అడగలేదే అని మనసు చివుక్కుమంది.

కోలుకున్నాక ఫ్యాక్టరీ వెబ్‌సైట్ పని వచ్చింది. దానికి లినక్స్ తెలిసినవాళ్లే కావాలి. ఒకసారి రానంత మాత్రాన ఏమైందిలే అనుకుని, నల్లగొండలోని ఆ కంపెనీకే ఫోన్ చేసింది. ఎప్పుడూ మాట్లాడే మంజులతే ఎత్తింది.

"మా ఆఫీసు మూసేసినం మేడం. మీ సర్వర్ పని మీదనే ఆశ పెట్టుకుంటిమి."

"మరి ఆనాడు మీరెందుకు రాలేదమ్మా?"



"మా సారు బయలెల్లిండు మేడం... బస్సుల మీ పక్కనే కూసున్నడంట, చిట్యాలలో దిగి వాపసొచ్చిండు."