తంగేడాకు

యాలాల్ చుట్టుపక్కల గొర్రెల పారుడు రోగానికి మందిచ్చేది నేనొక్కణ్ణే. ఆకు పేరు బయటపెట్టొద్దని మా నాయన కట్టడి. ఆయన ఎంత గుట్టు మనిషంటే, ఫోటోలో కూడా పెదవులు బిగించే ఉంటాడు.

మా అన్న మనుమరాలు అశ్వినికి మాత్రం, మంద మీద ఒట్టు వేయించుకుని చెప్పాను. ఆ పిల్ల ఆ ఆకు మీదే పరిశోధన చేస్తానని రాసి, విదేశంలో పెద్ద చదువుకు స్కాలర్‌షిప్ గెలిచింది. పేపర్లో ఫోటో పడింది, పక్కనే ఆకు పేరు: తంగేడు. వికారాబాద్ సంతలో ఎవరో గట్టిగా చదువుతుంటే, తాగే చాయ్ వదిలేసి లేచొచ్చాను.

ఆమె ప్రయాణం రోజు తాండూరు స్టేషన్‌లో పట్టుకున్నాను.

"ఒట్టేసి గిట్ల మోసం చేస్తవా బిడ్డా?"

"తప్పయింది తాతా," అని నా కాళ్లు పట్టుకుంది. "గని నీ మందుతోటి బతికిన గొర్రెలను నా కండ్లతో చూసిన. ఏడాదిల ఆకు గుణం చూపియ్యాలె, లేకుంటే వాపస్ పంపిస్తరు. నీ ఆకుండంగ నాకేం ఫికర్?"

సంచిలోంచి ఎండిన తంగేడాకు పొట్లం తీసి చూపించింది.

మా ఇంట్లో మొదట తప్పు ఆకే చెబుతాం. నోరు ఆగుతుందో లేదో కొన్నేళ్లు చూసి, ఆ తర్వాతే అసలుది చెబుతాం. మా నాయన కూడా నాకు అట్లాగే చేశాడు.

బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. ఆ అరగంటా ఆమె మన్నించమని అడుగుతూనే ఉంది. నేను అలిగే కూచున్నాను.