వీధి మలుపులో దించెయ్

"ఇంటి ముందు దించావంటే మా ఆవిడ రేపే ఈ కారు అమ్మించేస్తుంది ఐజాక్! వీధి మలుపులో దించెయ్ నాయనా," అని బతిమాలాడు భాస్కరరావు.

గంపలగూడెం రోడ్డు మీద ఆగిపోయిన ఆయన పాత కారు అప్పటికే ఐజాక్ క్రేనుకు వేలాడుతోంది. భార్య ఇందిరాదేవి వద్దు మొర్రో అన్నా వినకుండా కొన్న కారది.

"మలుపు నుంచి ఇంటికెట్టా పోతారండీ?"

"మా వీధి పల్లమేగా! అదే దొర్లుతుంది. హారన్ కొట్టుకుంటూ దర్జాగా పోతా."

ఐజాక్ నవ్వు ఆపుకున్నాడు. "అమ్మగారు కూడా మలుపులోనే దించమన్నారండీ."

"ఏ అమ్మగారు?"

"మీ ఇంట్లో అమ్మగారేనండీ. మీరు కారు తీయగానే ఫోన్ చేసి, కాస్త ఎడంగా వెనకాలే వెళ్లమన్నారు. లేకపోతే మీరు పిలవకుండానే నేనెట్టా వచ్చాననుకున్నారు?"

దేవుడే పంపాడనుకుని ఇందాక ఆ క్రేనుకు దండం పెట్టాడు మరి భాస్కరరావు!

మలుపులో దిగిన కారు హారన్ మోగిస్తూ దొర్లుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగింది.

"బండి బాగా నడిచిందా అండీ?" వంటింట్లోంచే అడిగింది ఇందిరాదేవి.

"వెన్నలా నడిచింది," అన్నాడాయన చెప్పులు విప్పుతూ. "ఆదివారం నెమలి ఊళ్లో గుడికి ఇద్దరం కార్లో పోదామా?" అన్నాడు మెల్లగా.

"సోమవారం పోదామండీ. ఆదివారం ఐజాక్ చర్చికి పోతాడు."