వంక చెప్పే మనిషి

"ఒక్క అబద్ధం చెప్పుండ్రి పంతులూ. మీ కాళ్లు మొక్కుత."

పొద్దున్నే వచ్చి అరుగు ముందు నిలబడ్డ కనకవ్వ మాట విని, పెద్దయ్య పంతులు నోట్లోని వేపపుల్ల తీసి పక్కన పెట్టాడు.

"ఏం అబద్ధం?"

"మా ఇంటాయన జరసేపట్ల వస్తడు. రాత్రి ఆట ఎట్లున్నదని అడుగుతడు. మంచిగున్నదనుండ్రి. గంతే."

రాత్రి ఆట ఎలా జరిగిందో ఇద్దరికీ తెలుసు. కొడుకును పోగొట్టుకున్న రాజు వేషం కనకవ్వ భర్త బుచ్చయ్యది. ఆ రాజు ఏడ్చే పద్యం కోసమే దౌల్తాబాద్ నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు జనం. పైకి లేవాల్సిన చోట అతని గొంతు చీలి కిందికి జారిపోయింది. కంటతడి పెట్టాల్సిన వాళ్లు తలలు దించుకున్నారు.

"పట్నం దవాఖానల ఏమన్నరు?" అన్నాడు పంతులు.

"గొంతుల గడ్డ ముదిరిందన్నరు. కోసినా లాభం లేదన్నరు. ఇంక వేషం కట్టడు పంతులూ. రాత్రిదే ఆఖరు."

సిద్దిపేట నాటక సమాజంలో, ఆట అయిన మర్నాడు అందరూ రాజమల్లయ్య సావుకారు దుకాణం వెనక కూర్చొని మంచిచెడ్డలు మాట్లాడుకోవడం ఆనవాయితీ. పేరుకే మంచిచెడ్డలు. చెడ్డ అనేది ఎవరి నోటా వచ్చేది కాదు. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరక్క ఊరంతా చీకట్లో ఉన్నా, సమాజం గ్యాసులైట్లు ఆరకుండా చూసుకున్నవాడు సావుకారు. ఆయన అల్లుడు మంత్రి వేషంలో పద్యం మరిచిపోయి నోరు తెరుచుకొని నిలబడితే, "ఆ మౌనంల ఎంత గంభీరమున్నది!" అని మెచ్చుకున్నారు. అందరూ ఒకరికొకరు చుట్టాలో, పక్కింటివాళ్లో. ఎవరు ఎవరిని నొప్పిస్తారు?

ఉన్నదున్నట్టు చెప్పేవాడు పెద్దయ్య పంతులు ఒక్కడే. అందుకే ఆయన్ని పిలవడం మానేశారు. అప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడు బుచ్చయ్య. పగలంతా మగ్గం మీద కూర్చునే మనిషి.

"అందరు భేషంటున్రు పంతులూ. నాకు భయమైతుంది. నా ఆటల వంక ఏందో మీరు చెప్పుండ్రి" అన్నాడు ఆ రోజు.

అప్పటినుంచి ప్రతి ఆట మర్నాడూ ఆ అరుగు మీద ఇద్దరూ కూర్చునేవారు. "ఏడ్చే రాజు జనం దిక్కు చూడడు" అనేవాడు పంతులు. "పద్యం ఉన్నది నీ గొంతు చూపెట్టుకునెతందుకు కాదు" అనేవాడు. బుచ్చయ్య తలూపి వెళ్లి దిద్దుకునేవాడు. జనగామ నుంచీ, కరీంనగర్ నుంచీ పిలుపులు వచ్చాయి. మెప్పు మాట మాత్రం పంతులు నోట ఒక్కటీ రాలేదు. ఎదిగే మనిషిని అక్కడే ఆగమన్నట్టు అవుతుందేమోనని ఆయన భయం.

"కనకవ్వా, ఈ ఒక్కటి అబద్ధం చెప్తే, ఇన్నేండ్లు చెప్పినయి ఎట్ల నమ్ముతడు?"

"నమ్మి ఇంకేం జేస్తడు పంతులూ? దిద్దుకుందామంటే ఇంకో ఆట లేదాయె."

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆమె వెళ్లిపోయింది.

కాసేపటికి బుచ్చయ్య వచ్చాడు. మెడకు తువ్వాల చుట్టుకున్నాడు. చెవుల దగ్గర రాత్రి పూసిన రంగు ఇంకా పోలేదు. మాట గుసగుసలా వస్తోంది.

"ముందుగాల నా మాట ఇనుండ్రి పంతులూ. ఊరంత నన్ను మెచ్చుకున్నది. గా మెప్పుతోని నాకేం రాలే. మీరు వంక చెప్పబట్టే నేను ఆటగాడినైన. గీ మాట మీకు చెప్పకుంట పోవద్దనుకున్న."

పంతులు అరుగు మీద పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు. నిజం చెప్పమని కోరి వచ్చినవాడు ఈ ఊళ్లో ఇతనొక్కడే. ఇతను రాకపోయి ఉంటే, తన చదువూ తన చూపూ ఎవరికీ అక్కరకు రాకుండానే పోయేవి. భార్య పోయిన తరువాత ఈ అరుగెక్కిన మనిషి కూడా ఇతనే. ఆ మాట చెప్పాలనుకునేలోపే బుచ్చయ్య అడిగాడు.

"ఇగ చెప్పుండ్రి. రాత్రి ఆటల వంక ఏంది?"

పంతులు కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఒట్టి పొగడ్త అయితే బుచ్చయ్య నమ్మడు.

"గద్దె దిగేటప్పుడు తొందరపడ్డవ్."

"అవు."

"మంత్రి మాట కాకముందే తల తిప్పినవ్."

"అవు పంతులూ. గది నాకు గూడ తెలిసింది. మరి పద్యం?"

"పద్యంల వంక లేదు."

బుచ్చయ్య ఆయన మొహంలోకే చూస్తున్నాడు. "గొంతు చీలింది గద?"

"చీలింది. కొడుకు పోయినోని గొంతు చీలకుంట ఎట్లుంటది? ఇన్నేండ్లు నువ్వు గా పద్యం పాడినవ్. రాత్రి ఏడ్చినవ్. గది ఇనెతందుకే నేను ఇన్నేండ్లు కాసుకొని కూసున్న బుచ్చయ్యా."

బుచ్చయ్య కళ్లు నిండాయి. తువ్వాల కొసతో తుడుచుకొని, వంగి పంతులు కాళ్లు పట్టుకున్నాడు. పంతులు అతన్ని లేపి గుండెలకు హత్తుకున్నాడు. నమ్మాడు, అనుకున్నాడు పంతులు. గుండె మీది బరువు దిగినట్టయింది.

బుచ్చయ్య మెల్లగా అరుగు దిగాడు. వాకిట్లో ఆగి వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, చల్లగా నవ్వాడు.

"అబద్ధం మంచిగ ఆడిన్రు పంతులూ."