చిన్న డబ్బా

"ఛీ!" అంటూ విజయరత్నం చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల కింద నలిగిపోయినట్టున్న ఆ ఇరుకు మైకుల దుకాణంలో అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. మెడకు మాసిన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ గ్లాసు. మాటకోసారి దాంట్లో ఉమ్ముతున్నాడు. ఆ నోటి కంపు ముందు మురుగుకాలవ నయం.

గుట్కా మొహం, అనుకున్నాడు విజయరత్నం.

"రండన్నా, ఏం కావాలె?" అన్నాడు దుకాణదారు అఫ్జల్.

విజయరత్నం సంచిలోంచి ఒక పాత క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో వాళ్ళింట తెల్లవారుజాము ప్రార్థన ఏళ్ళుగా ఆ క్యాసెట్టుతోనే మొదలవుతుంది. ప్రభువు కుష్ఠురోగిని చేత్తో తాకిన ఘట్టం మీద అందులో ఒక పాట ఉంది. అది వినందే భార్య దేవమణికి గొంతులో కాఫీ దిగదు. ఇప్పుడు టేపు అరిగి, ఆ గొంతు మూలుగుతోంది.

"దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలండి. మా చర్చి పాటలు కూడా ఇంట్లోనే రికార్డు చేసుకోవాలి. అన్నిటినీ కంప్యూటరుకి కలిపే డబ్బా ఏదో ఉంటుందటగా?"

"ఆడియో ఇంటర్‌ఫేస్" అని అఫ్జల్ రెండు చూపించాడు. ఒకటి అరచేతిలో ఇమిడేంత చిన్నది. రెండోది వెడల్పాటిది, ముందంతా బొత్తాలు.

విజయరత్నానికి చిన్నదే నచ్చింది. చెయ్యి చాచబోయాడు.

అంతలో ఆ ఉమ్ముల మనిషి దాన్ని తీసుకుని, ముద్దుగా నిమిరి, బొంగురు గొంతుతో అన్నాడు. "ఇంట్ల పాడుకోనీకి గిదే సాలు సార్."

విజయరత్నం చెయ్యి వెనక్కి వచ్చింది.

ఆ మనిషి చూపు క్యాసెట్టు మీద పడింది. మొహం ఒక్కసారిగా వెలిగింది. "సార్, గిది జర సూడనియ్యిన్రి."

"ముట్టుకోకు!"

విజయరత్నం క్యాసెట్టు లాక్కున్నాడు. అవతలి వేలు తగలకపోయినా రుమాలుతో తుడిచాడు. పొద్దున విన్న పాట ఆయన చెవుల్లో ఇంకా ఉంది. చెవుల్లోనే ఉంది.

ఆ మనిషి చాచిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, ముడుచుకుంది.

"భాయ్, ఒక్క పాట పాడుత. ఎక్కిస్తవా?" అని అడిగాడా మనిషి, అఫ్జల్‌ని.

విజయరత్నం బయట మెట్ల మీదికి వచ్చేశాడు. బస్సుల పొగే హాయిగా ఉంది. వాటి మోతలో లోపలి పాట వినబడలేదు. అద్దంలోంచి చూస్తే, ఆ మనిషి కళ్ళు మూసుకుని మైకు ముందు పెదాలు కదుపుతున్నాడు. దగ్గుతున్నాడు, ఉమ్ముతున్నాడు, మళ్ళీ పాడుతున్నాడు. అఫ్జల్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

మైకు నిండా తుంపర్లే.

పాట ముగించి ఆ మనిషి గుమ్మం దాకా వచ్చాడు. "గా పాట ఉంచు భాయ్. రేపు నాకు పంజాగుట్టల దవాఖాన పనున్నది. నా బిడ్డ వచ్చి తీస్కపోతది."

"ఫికర్ చెయ్యకు చాచా."

పోతూ పోతూ అతను విజయరత్నం వంక చూసి నవ్వాడు. విజయరత్నం తల తిప్పుకున్నాడు.

"పెద్దదే ఇవ్వండి" అన్నాడు లోపలికి వచ్చి. "ఆ చిన్నది వాడు ముట్టుకున్నాడు. టెస్ట్ చేసి చూపించండి. ముందా మైకు మార్చండి. కంప్యూటర్లో వాడు దగ్గిందంతా తీసెయ్యండి."

"ఉంచమన్నడు గదన్నా..."

"రేపొచ్చి మళ్ళీ దగ్గుతాడు లెండి. దేవుడి పాట ఎక్కించే చోట ఆ ఉమ్ముల గోలేంటండీ? కుదరదంటే చెప్పండి, ఎదురు షాపుకి పోతాను."

అఫ్జల్ తటపటాయించాడు. పొద్దున్నే బోణీ బేరం. తీసేశాడు.

పెద్ద డబ్బా ఇంట్లో తేనెపట్టులా రొద చేసింది. ఆ రొదలో పాటే మునిగిపోయింది.

మర్నాడు సాయంత్రం దాన్నీ, క్యాసెట్టునీ పట్టుకుని విజయరత్నం మళ్ళీ దుకాణానికి వచ్చాడు. "నసగకుండా ఆ చిన్నదే తీసుకో" అని దేవమణి చీవాట్లు పెట్టి పంపింది.

బల్ల దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. "నా పేరు నౌషీన్ భాయ్. దిలావర్ బిడ్డను. నిన్న మా అబ్బ పాడిన పాట ఇస్తవా?"

అఫ్జల్ తల వంచుకుని కీబోర్డు వంక చూస్తున్నాడు.

"నేనే తీసేయించానమ్మా" అన్నాడు విజయరత్నం. "పాడైపోయేదేముంది? మళ్ళీ పాడమను."

"ఇగ పాడడు సార్. గొంతుల క్యాన్సర్. పొద్దుగాల ఆపరేషన్ చేసి గొంతు తీసేసిండ్రు."

విజయరత్నం పెద్ద డబ్బాని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

నౌషీన్ చూపు ఆయన చేతిలోని క్యాసెట్టు మీద ఆగింది. "గా సారు మీరేనా? అబ్బ నిన్న మస్తు ఖుషీగ ఇంటికొచ్చిండు. 'ఒక సారు దగ్గర నా పాట ఇంకా ఉన్నది, గందుకే గదే పాడిన' అన్నడు."

"మీ నాన్నగారి పాటా?" విజయరత్నం క్యాసెట్టు అట్ట అటూ ఇటూ తిప్పాడు. "దీని మీద పాడినవాళ్ళ పేరే లేదేంటమ్మా?"

"దిలావర్ అని ఏస్తే మీ చర్చోళ్ళు ముట్టుకోరేమోనని క్యాసెట్టు కంపెనీవోళ్ళు గా జాగ ఖాళీగ ఇడిచిండ్రంట సార్."