వరండాలో మోటారు సైకిలు

టీ కోసం ఆగిన మనిషి టీ గురించి తప్ప అన్నీ అడిగాడు.

"ఎదురింట్లో నేల సిమెంటుదా, మట్టిదా?"

"మట్టిదే," అంది కొట్టు నడిపే తుమినెమ్.

"ఆ ఇంటాయనకి బండి ఉందా?"

"ఉన్నాయిగా, రెండు కాళ్ళు."

అతను నవ్వలేదు.

"అమ్మాయి ఎలాంటిది?"

తుమినెమ్ చేతిలో గరిటె ఆగిపోయింది.

సాయంత్రం ఎదురింటి వాగిరాన్ చేను నుంచి రాగానే ఆమె దారిలోనే పట్టుకుంది.

"అన్నా, మీ రుమియాతి కోసం ఆరా తీసే మనిషి దిగాడు. రేపు పొద్దున మీ ఇంటికే వస్తాడట."

గునుంగ్ కిదుల్ కొండ పల్లెల్లో పిల్లను అడిగే ముందు మగపిల్లవాడి వాళ్ళు ఇలాగే ఒక కొత్త మనిషిని పంపుతారు. అతను ఇరుగుపొరుగును అడుగుతాడు. ఇంటికొచ్చి టీ తాగుతాడు. పెళ్ళి మాట ఎత్తడు. అంతా చూసుకుని వెళ్ళిపోతాడు.

"ఎవరు పంపారు?"

"ఇంకెవరు? మిల్లు ఆసామి సుగితో లేడూ, ఆయనే. వాళ్ళబ్బాయి మన పిల్లను చూసే చూపు నీకు తెలీదా ఏం?"

వాగిరాన్ పార గోడకు ఆనించాడు.

వాగిరాన్ భార్య పోయిన ఏడాది ఆ సుగితో ఆసామే ఇదే కొట్టు ముందు నలుగురిలో అతనితో అన్నాడు: "ఎండు పెండలం పిండి తినే ఇంట్లో పిల్లకి చదువెందుకయ్యా? మా ఇంటికి పంపు, మూడు పూటలా అన్నం తింటుంది."

నలుగురూ నవ్వారు. వాగిరాన్ ఆ నలుగురితోనూ మళ్ళీ మాట్లాడలేదు.

రుమియాతి యోగ్యకర్తలో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. నేలల గురించిన చదువు. వానలు పోగానే తమ నేలలో చుక్క నీరు ఎందుకు నిలవదో తెలుసుకోవాలని ఆమె పట్టు. రెండు చోట్లకు పెట్టుకోవచ్చు, ఒకటి తేలికగా దొరికేది చూసుకో అన్నారు మాస్టారు. ఆమె ఒక్కచోటికే పెట్టింది. పేదింటి పిల్లలకిచ్చే ఉచిత చదువు కూడా అందులోనే అడిగింది. అది రాకపోతే సీటు వచ్చినా చేరలేదు.

"అమ్మాయ్, పొద్దున్నే పిన్ని ఇంటికి పో. సాయంత్రం దాకా రాకు."

"ఎందుకు నాన్నా?"

"చదువుకోవాలని ఉందా, లేదా?"

ఆమె చీకటితోనే బయల్దేరింది.

తెల్లారేసరికి తుమినెమ్ తమ్ముడి మోటారు సైకిలు వరండాలో నిలబడింది. ఊరిపెద్ద ఇంటి నుంచి మెత్తటి కుర్చీలు వచ్చాయి. మట్టి నేల మీద తివాచీ పరుచుకుంది.

"ఇంత తతంగం ఎందుకన్నా? పిల్లనివ్వనని ఒక్క మాట చెప్తే పోదూ?" అంది తుమినెమ్.

"నేను వద్దంటే బెట్టు చేస్తున్నాననుకుంటాడు. మాకూ ఉందని, తన అన్నం మాకక్కర్లేదని తెలిస్తే మళ్ళీ ఇటు రాడు."

ఆ మనిషి వచ్చాడు. వెలిసిన బాతిక్ చొక్కా, చంకలో గొడుగు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"అయ్యా, మీ అమ్మాయి విషయమై వచ్చాను. నన్ను..."

"తెలుసు. ఎవరు పంపారో చెప్పనక్కర్లేదు. కూర్చోండి."

"తెలుసా?" అతను తడబడ్డాడు. "చెప్పకుండా రావడం మా పద్ధతి. ఏమీ అనుకోకండి."

"మీ పద్ధతులు మాకూ తెలుసు."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. టీ ముట్టుకోలేదు. బండి వైపు చూశాడు.

"బండి మీదేనా?"

"నాదే."

"ఈ కుర్చీలు?"

"మరి పక్కింటివనుకున్నారా?"

"కొట్టులో వేరేగా విన్నాను."

"ఆవిడ నోటికి తాళం లేదు. మేం తినేది కూడా రాసుకోండి. వరి అన్నం, మూడు పూటలా. పంపినవాళ్ళకి గట్టిగా చెప్పండి."

అతను గొంతు తగ్గించాడు.

"అయ్యా, తొందరలో ఏదైనా మాట తప్పుగా వచ్చి ఉంటే ఇప్పుడే చెప్పండి. గుమ్మం దాటాక నా చేతిలో ఉండదు. ఆ బండి నిజంగా మీదేనా?"

వాగిరాన్ లేచాడు.

"ఎన్నిసార్లు అడుగుతావయ్యా? నీ కంటికి దొంగలా కనిపిస్తున్నానా? నా కూతుర్ని నేనే చదివించుకుంటాను. ఎవరి దయా అక్కర్లేదు. వెళ్ళి అదే మాట చెప్పు."

అతని చూపు తివాచీ అంచు దగ్గర ఆగింది. అక్కడ ఎర్రమట్టి కనిపిస్తోంది.

"అమ్మాయిని ఒక్కసారి చూస్తే బాగుండేది."

"కనిపించదు."

అతను చెప్పులు తొడుక్కున్నాడు. దారిలోకి వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగాడు. వాగిరాన్ తలుపు వేసేశాడు.

ఎదురుగా తుమినెమ్ పగలబడి నవ్వింది. "పెళ్ళివారి మొహం వాడిపోయిందన్నా!"

కొన్ని వారాలకు సుగితో ఆసామి తన కొడుకు పెళ్ళి పిలుపులకు వచ్చాడు. పిల్ల పట్నం పిల్ల.

"మా ఇంటి నుంచి మాడు మొహంతో వెళ్ళిన మనిషి ఏమన్నాడు?" అని అడిగాడు వాగిరాన్.

"ఏ మనిషి? నీ ఇంటికి నేను మనిషిని పంపడమా?" సుగితో కడుపు పట్టుకుని నవ్వాడు.

అబద్ధం, అనుకున్నాడు వాగిరాన్. మొహం చెల్లక అలా అంటున్నాడు.

ఆ నెలలోనే రుమియాతికి సీటు వచ్చింది. ఉచిత చదువు రాలేదు.

"ఎవరో డబ్బు తిని మన పేరు కొట్టేశారు," అన్నాడు వాగిరాన్. "పద, అడుగుదాం."

చేరడానికి అదే ఆఖరి రోజు. విశ్వవిద్యాలయంలో పొడవాటి వరుస. తండ్రి వెనక నిలబడ్డాడు, కూతురు బల్ల ముందుకు వెళ్ళింది.

"మాకు ఏమీ లేదండీ," అంది ఆమె. "నమ్మకం లేకపోతే మీవాళ్ళనెవరినైనా మా ఇంటికి పంపండి. వాళ్ళే చూసుకుంటారు."

బల్ల వెనక మనిషి తలెత్తాడు. ఆమెను దాటి, వెనక నిలబడ్డ వాగిరాన్‌ను చూశాడు. బాతిక్ చొక్కా వెలిసిపోయి ఉంది. గొడుగు కుర్చీకి వేలాడుతోంది.

"అందుకే అయ్యా," అన్నాడు మెల్లగా, "ఆ బండి మీదేనా అని అన్నిసార్లు అడిగాను."