పారేయమన్న చిత్తు కాగితాలు

"వీటిని పారేయమన్నాను కదా వెండెల్!"

తన పాత కాగితాలను యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వడానికి వచ్చిన మాజీ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జి అగస్టా, పెట్టె తెరవగానే భర్త మీద విరుచుకుపడింది.

లైబ్రేరియన్ మిరియమ్ అప్పటికే పైనున్న కాగితం చదివేసింది. అది గీతలు కొట్టి దిద్దిన ఒక తీర్పు చిత్తుప్రతి. "మేడమ్, మీరు విడుదల చేసిన ఈ ఖైదీ అప్పీలును మొదట కొట్టేద్దామనుకున్నారా?"

"అదేగా నా సిగ్గు! ఎంత తప్పు రాశానో చూసి రేపు లా చదివే పిల్లలు నవ్వుతారు."

"నవ్వనీ," అన్నాడు వెండెల్. "నువ్వు మొదట రాసిందే పట్టుకుని కూర్చునుంటే, ఆ మనిషి ఇంకా జైల్లోనే ఉండేవాడు."

సిగ్గనుకున్న ఆ దిద్దుబాట్లే ఒక మనిషిని ఇంటికి పంపాయని అగస్టాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. ఆమెకు నవ్వొచ్చింది.

"సరే, ఉంచుకోండి. ఇలాంటివి మా గ్యారేజీలో ఇంకా బోలెడున్నాయి."

"గ్యారేజీలో లేవు," వెండెల్ మెల్లగా అన్నాడు. "కారులో ఉన్నాయి."